మైనస్ డెబ్భై

మూడు వారాలపాటు నా స్క్రీను మీద ఒక్క ఎర్ర గీత కనపడలేదు. మిల్లులో అందరూ మెచ్చుకున్నారు. నేనూ నమ్మేశాను. నమ్మక ఏం చేస్తాను? అంతకుముందు నెలంతా తిట్లు తిన్నదాన్ని, పొగడ్త ఎదురొస్తే మొహాన తలుపు వేస్తానా?

నేను పనిచేసేది పాత కాగితాన్ని నానబెట్టి మళ్లీ కాగితం చేసే మిల్లులో. వైర్‌లెస్ నెట్‌వర్కు చూసుకోవడం నా పని. కాగితం గుజ్జు నిలవ ఉంచే ట్యాంకులు ఆరున్నాయి. ఒక్కొక్కటీ రెండంతస్తుల కాంక్రీటు డబ్బా. పైకప్పులో మనిషి దూరేంత కంత, కంతలోంచి కిందికి ఇనప నిచ్చెన. మిల్లు ఆగకుండా, వంతుల మీద, ఏడాదికోసారి ఒక్కో ట్యాంకునీ ఖాళీ చేసి, అడుగున పేరుకున్న బురదని మనుషులు దిగి పారలతో ఎత్తాలి. ఆ బురద కుళ్లి ఉంటుంది. పార పెట్టి కదిపితే అందులో అణిగి ఉన్న విషవాయువు లేస్తుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. బాగా ఎక్కువైతే ఆ వాసన కూడా తెలియదు, ఎందుకంటే ముందు ముక్కు చచ్చిపోతుంది. తర్వాత మనిషి.

అందుకని దిగే ప్రతివాడూ ఛాతీ మీద అరచేయంత గ్యాసు మీటరు తగిలించుకోవాలి. గాలి చెడితే అది అక్కడికక్కడే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. పైగా రెండు సెకన్లకోసారి తను చూసిందంతా వైర్‌లెస్‌లో కంట్రోల్ రూముకి పంపుతుంది. ఆ సంబంధం తెగిపోయిందంటే లోపలి మనిషి ఉన్నాడో పోయాడో మాకు తెలియదు. కాబట్టి తెగేదాకా ఆగకూడదు, సిగ్నలు నీరసపడుతుండగానే సైరను మోగాలి. ఎంత నీరసపడితే మోగాలి అనే హద్దు పెట్టేదాన్ని నేనే.

సిగ్నలు బలాన్ని మైనస్ అంకెల్లో చెబుతారు. సున్నాకి దగ్గరగా ఉంటే బలం, దూరం జరిగేకొద్దీ నీరసం. మైనస్ యాభై అంటే ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టు. మైనస్ ఎనభై అంటే పక్కవీధిలోంచి పిలిచినట్టు, మాట అందుతుంది గానీ చెవి రిక్కించాలి. తొంభై దాటితే ఇక మాటే లేదు. నేను మైనస్ డెబ్భై దగ్గర హద్దు పెట్టాను. పది సెకన్లపాటు అంతకన్నా తగ్గితే సైరను. సైరను మోగితే లోపలున్నవాళ్లంతా పార అక్కడే పడేసి బయటికి రావాలి. మళ్లీ గాలి పరీక్ష, మళ్లీ అనుమతి కాగితం, మళ్లీ సంతకాలు. అరగంట హుళక్కి.

ట్యాంకులు కడిగే జట్టుకి మేస్త్రీ మా బావ, అంటే మా అక్క మొగుడు. ఆయన నోరు ఊరుకోదు. మీటరుకి "అత్తగారు" అని పేరు పెట్టింది ఆయనే.

"ఇరవై నాలుగ్గంటలూ గుండెలమీద కూర్చుంటుంది. కాస్త పక్కకి తిరిగితే అరుస్తుంది. ఎందుకరిచావమ్మా అంటే చెప్పదు. మరి అత్తగారు కాకపోతే ఏమిటి?" అనేవాడు. నాకేమో "సిగ్నలమ్మ" అని పెట్టాడు. మిల్లంతా ఆ పేరే అంటుకుంది. ఎదురుపడితే మేడమ్ అంటారు, వెనక్కి తిరిగితే సిగ్నలమ్మ.

మొదటి నెల అత్తగారు నా పరువు తీసింది. రోజుకి ఏడెనిమిదిసార్లు సైరను. ఒక్కసారి కూడా గ్యాసు లేదు, వట్టి సిగ్నలే. లౌడ్‌స్పీకర్లో నన్ను పిలవడం, నేను పరిగెత్తడం, కంత చుట్టూ బురదకాళ్లతో కూర్చున్న జట్టు నన్ను ఎగాదిగా చూడటం. రెండు రోజుల పని ఆరు రోజులు పట్టింది. సేఫ్టీ ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి, "ఇంకో వారం చూస్తానమ్మా. ఇలాగే ఉంటే ఈ వైర్‌లెస్ వ్యవహారమంతా పీకేద్దాం. పీకేశాక దాన్ని చూసుకునే మనిషి ఎందుకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండిపోయింది.

నేనూ ఊరుకోలేదు. కంత పక్కనే ఒక కొత్త యాంటెన్నా బిగించాను. మర్నాటినుంచి ఒక్క అలర్టు లేదు! మూడో ట్యాంకు రెండున్నర రోజుల్లో అయిపోయింది. ఆఫీసరు మీటింగులో లేచి నిలబడి నా పేరు చెప్పాడు. నా యాంటెన్నా గొప్పతనమే అనుకుని ఉబ్బి తబ్బిబ్బయ్యాను. అలర్టు రాకపోతే నాకు ట్యాంకుల వైపు వెళ్లే పని ఉండదు. వెళ్లలేదు. నా కొంప ముంచింది అదే.

ఆ రోజు ఉదయం పదిన్నరకి ఆఫీసరు టీ గ్లాసు పట్టుకుని కంట్రోల్ రూముకి వచ్చాడు.

"మూడు వారాల లెక్కలు తియ్యమ్మా. పదకొండింటికి మీటింగు. సగటు ఎంతొస్తోంది?"

"మైనస్ యాభై ఒకటండీ."

"యాభై ఒకటి వస్తుంటే హద్దు డెబ్భై దగ్గర ఎందుకు? అరవై పెట్టేద్దాం. ఆరు ట్యాంకులకీ అదే. ఎంత బిగిస్తే అంత భద్రం!"

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం ఈయన. కాని అరవై పెట్టడానికైనా లెక్క చూపించాలి కదా. నాలుగో ట్యాంకు గీతలు తెరిచాను. బావ జట్టు తొమ్మిదిన్నరకే అందులో దిగింది. నాలుగు మీటర్లు, నాలుగు పచ్చ గీతలు. మైనస్ యాభై ఒకటి, యాభై రెండు, యాభై ఒకటి, యాభై ఒకటి. అబ్బ, ఎంత ముచ్చటగా ఉన్నాయో అనుకున్నాను. మీటింగులో పెద్ద తెరమీద వేస్తే బాగుంటుందని గీతలని పెద్దవి చేశాను.

పెద్దవి చేశాక కూడా అవి తిన్నగానే ఉన్నాయి. ఇంకా పెద్దవి చేశాను. గంటసేపు, నాలుగు గీతలూ, స్కేలు పెట్టి గీసినట్టు. ఒక్క మిట్ట లేదు, ఒక్క పల్లం లేదు.

మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్లే. సిగ్నలుకి నీళ్లంటే పడదు. మనిషి అటు తిరిగి వీపు అడ్డం పెట్టాడంటే ఆరేడు అంకెలు పడిపోతుంది. వంగితే ఒక అంకె, లేస్తే ఇంకో అంకె. బురద ఎత్తుతున్నవాడి గీత రంపం పళ్లలా ఉండాలి. మొదటి నెల అలాగే ఉండేది కూడా. ఈ గీతల్లో మనిషి లేడు.

గాలి లెక్క తెరిచాను. నాలుగు మీటర్లలోనూ ఆక్సిజన్ ఇరవై పాయింట్ తొమ్మిది. విషవాయువు సున్నా. కుళ్లిన బురద తవ్వుతున్న చోట సున్నా ఏమిటి నా తల! అది ఆరుబయటి గాలి.

వాకీటాకీ తీశాను. కంత దగ్గర కాపలా ఉండేది ఒక పెద్దాయన, బావకన్నా పాతకాపు.

"పెద్దాయనా, లోపల ఎంతమంది ఉన్నారు?"

"నలుగురు తల్లీ. మేస్త్రీ కూడా దిగాడు."

"మీటర్లు ఎక్కడున్నాయి?"

"ఉన్నాయమ్మా."

"ఎక్కడున్నాయని అడుగుతున్నా!"

ఆయన గొంతు తగ్గించి, "భద్రంగానే ఉన్నాయి తల్లీ," అన్నాడు.

గోడమీద ఎర్ర బటను ఉంటుంది, చేత్తో సైరను మోగించడానికి. దాని అద్దం మోచేత్తో పగలగొట్టి నొక్కాను. ఆఫీసరు టీ ఒలికింది.

"ఏయ్, ఏం చేస్తున్నావమ్మా! అలర్టేం రాలేదుగా!"

"అదేనండీ, రాలేదు! ఫైరువాళ్లకి ఫోను చెయ్యండి. గాలి సిలిండర్లు తీసుకుని నాలుగో ట్యాంకుకి రమ్మనండి. చూస్తారేం, చెయ్యండి!"

ఆఫీసరుని అంతమాట అన్నానని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. అప్పటికి నేను మెట్లమీద ఉన్నాను.

కంట్రోల్ రూమునుంచి నాలుగో ట్యాంకు నడిస్తే నాలుగు నిమిషాలు. మధ్యలో కాగితం బేళ్ల గోడలు, వాటి సందుల్లో బేళ్లెత్తే లిఫ్టు బళ్లు. అడ్డం పడి పరిగెత్తాను. ఒక బండివాడు బ్రేకు కొట్టి నన్ను బూతులు తిట్టాడు. తిట్టుకోనీ. పరిగెడుతూనే వాకీటాకీలో, "అందర్నీ పైకి పిలు పెద్దాయనా, అందర్నీ," అని అరుస్తున్నాను. ఆయన "పిలుస్తున్నానమ్మా, పిలుస్తున్నా," అంటున్నాడు. ఆ గొంతులో అప్పుడే ఏడుపు ఉంది.

ట్యాంకు బయటి మెట్లు ఎక్కి పైకప్పు మీదికి వచ్చేసరికి ముగ్గురు బయటపడ్డారు. ఒకడు మోకాళ్లమీద వాంతి చేసుకుంటున్నాడు. ఒకడు కళ్లు తెరవలేక పిట్టగోడ పట్టుకున్నాడు. మూడోవాడు ఉంగరాల జుట్టాయన, బావకి కుడిభుజం. అతను కంతలోకి వంగి, "అన్నా! అన్నా!" అని పిలుస్తున్నాడు.

"బావేడీ?"

"నా వెనకే ఉన్నాడనుకున్నా మేడమ్. అడ్డగోడ అవతల గడ్డ కట్టిందని వెళ్లాడు. సైరను వినపడగానే మేం ఎక్కేశాం. వెనకే ఉన్నాడనుకున్నా..."

ట్యాంకు మధ్యలో ఛాతీ ఎత్తు అడ్డగోడ ఒకటి ఉంటుంది. దాని అవతల ఏముందో కంతలోంచి కనపడదు.

అప్పుడు చూశాను. నిచ్చెన పైమెట్టుకి ఇనప తీగతో వంచిన నాలుగు కొక్కేలు. నాలుగు కొక్కేలకీ నాలుగు మీటర్లు, వరసగా, నా కొత్త యాంటెన్నాకి మూరెడు దూరంలో. నాలుగూ పచ్చగా వెలుగుతున్నాయి. లోపల గాలి ఎలా చచ్చినా వాటికేం పట్టింది?

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను. జవాబు వినే తీరిక నాకు లేదు. ఒక మీటరు పీకి, అక్కడ పడున్న తాడుకి కట్టి కంతలోకి వదిలాను. సగం దిగిందో లేదో అరుపు మొదలెట్టింది. పైకి లాగాను. అది చూసిన అంకె నూట తొంభై. వంద దాటితేనే ప్రాణం మీదికి వస్తుంది. సగం లోతులోనే ఇంత ఉంటే అడుగున ఎంతుందో.

ఉంగరాల జుట్టాయన నిచ్చెన మీద కాలు పెట్టాడు. అతని చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. నేనే ముందు లేచాను. లేచి వెళ్లి కంత మీద అడ్డంగా కూర్చున్నాను, రెండు కాళ్లూ అటు తన్నిపెట్టి.

"లే మేడమ్! అన్న లోపలున్నాడు!"

"తెలుసు."

"మీ బావేనమ్మా లోపల!" అని పెద్దాయన తల బాదుకున్నాడు. "నీ తోడబుట్టినదాని మొగుడు! జాలి లేదా నీకు?"

"నా బావే. అందుకే చెబుతున్నా. ఇప్పుడు దిగినవాడు ఆయన్ని తీసుకురాడు, ఆయన పక్కన పడతాడు. ఫైరువాళ్లు ఇద్దర్ని మొయ్యాలి. ఒక్కణ్ణి మోసే టైములో ఇద్దర్ని మొయ్యాలి! దిగాలంటే నన్ను తొక్కి దిగండి."

ధైర్యంగా అన్నాననుకుంటున్నారేమో, కాదు. నాకే దూకెయ్యాలని ఉంది. చదువుకున్న ముక్క ఒకటి బుర్రలో అడ్డుపడి ఆపుతోంది, అంతే. ఆ ముక్క తప్పయితే? ఈ క్షణాన దిగితే బతికే మనిషిని నేను కంత మూసి కూర్చుని చంపుతున్నానేమో? అక్కకి ఏమని చెప్పాలి?

కిందనుంచి చప్పుడు. టంగుమని. పార కాంక్రీటుకి తగిలిన చప్పుడు.

"బావా!" అని అరిచాను. "విన్నాను బావా! ఇంకోటి కొట్టు!"

టంగ్. ఇది మెల్లగా.

పైనుంచి లోపలికి గాలి కొట్టే గొట్టం ఒకటి ఉంది, ఫ్యానుకి తగిలించి. అది నిచ్చెన పక్కనే వేలాడుతోంది, మనుషులున్న చోటికి గాలి వస్తే చాలని. అడ్డగోడ అవతలికి గాలి వెళ్లే దారే లేదు.

"గొట్టం!" అన్నాను. "ఆ పొడుగు కడ్డీ తెండి. గొట్టం మూతి గోడ అవతలికి తొయ్యండి. చేతులు ఖాళీగా పెట్టుకుని నన్ను తిట్టకండి, తొయ్యండి!"

పనిచెబితే మనుషులకి బుద్ధి వస్తుంది. పెద్దాయన, ఉంగరాల జుట్టాయన నా పక్కన బోర్లా పడుకుని, మొహాలకి తడిగుడ్డలు చుట్టుకుని, కడ్డీతో గొట్టాన్ని తోశారు. రెండుసార్లు గోడ అంచుకి తట్టుకుని జారింది. మూడోసారి అవతల పడింది. గాలి బురద మీద కొట్టుకునే చప్పుడు వినపడింది.

"బావా, గొట్టం నీ వైపే వచ్చింది! దానివైపు పాకు!"

జవాబు లేదు.

"పలకవేం? మేస్త్రీవా నువ్వు? ఎవడిచ్చాడయ్యా నీకు మేస్త్రీగిరీ? మీటరు పైన వేలాడదీసి కింద తవ్వుతావా, సన్నాసీ! లే! లేచి నన్ను తిట్టు! నీ పెళ్లాం ముందు నన్ను దోషిలా నిలబెట్టకు బావా, నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్కసారి కొట్టు!"

ఒక్కసారి కూడా కొట్టలేదు.

ఫైరువాళ్లు ఆరు నిమిషాల్లో వచ్చారట. ఆరు నిమిషాలని కాగితం మీద రాశారు కాబట్టి నమ్ముతున్నాను. నాకు మాత్రం పొద్దు కుంగినట్టనిపించింది. వీపున సిలిండర్లు, మొహాన ముసుగులు వేసుకుని ఇద్దరు వచ్చారు. అందులో ఒకాయన, "లెండి," అన్నాడు. చంకలకింద చెయ్యేసి పక్కకి జరిపారు. వాళ్లు దిగారు. పైన మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి తాడు వదిలారు. తాడు బిగుసుకుంది. చక్రం తిరిగింది. ముందు నెత్తి కనపడింది, తర్వాత బురద కొట్టుకుపోయిన మొహం, తర్వాత రెండు చేతులు, ఊరికే వేలాడుతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. పడుకోబెట్టి ముసుగు పెట్టి ఛాతీ నొక్కారు. నేను లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో తెలియదు, నాకు చేతనైంది అదొక్కటే. నలభై ఒకటో నొక్కుకి బావ దగ్గాడు.

గొట్టం మూతి ఆయన తలకి జానెడు దూరంలో ఉందట. ఆ గాలే కాపాడిందని ఫైరాయన చెప్పాడు. నా భుజం తట్టి, "కంత మీద కూర్చోవడం మంచి పని," అన్నాడు. మెచ్చుకోలు వినలేక భుజం పక్కకి లాక్కున్నాను.

మూడోరోజుకి ఆస్పత్రిలో బావ గొంతులో గొట్టం తీశారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఎంతవరకు బాగుపడతాయో ఆరు నెలలు చూస్తేగాని తెలియదన్నారు. ట్యాంకు పని మాత్రం ఇక లేదు. అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చునుంది, మూడు రోజులుగా అదే చీర. నేను వెళ్లగానే నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు లేకపోతే..." అని ఆగిపోయింది. ఆ మూడు రోజుల్లో ఆ మాట ఇరవైసార్లు అనుంటుంది.

బావ నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. అది చాలు, నాకు కోపం కట్టలు తెంచుకుంది.

"ఎందుకు చేశావు బావా? పద్దెనిమిదేళ్లనుంచి ట్యాంకులు దిగుతున్నావు. నీకు తెలియదా? మనిషిని చంపే పని అని తెలియదా?"

బావ ఒక్కో మాటకీ ఊపిరి కూడబెట్టుకుంటూ అన్నాడు. "రోజుకి... ఎనిమిదిసార్లు అరిచేదిగా. ఒక్కసారి కూడా నిజంగా కాదు. పైన తగిలిస్తే... అరవడం మానేసింది. నీ ఉద్యోగం... నిలబడింది."

"నా ఉద్యోగమా? నా ఉద్యోగం కోసం చావమని నిన్నెవరడిగారు?"

"ఆయన్ని అనకు," అంది అక్క. నేలవైపు చూస్తూ అంది. "నేనే అడిగాను. ఆ ఆఫీసరు నిన్ను పీకేస్తానన్నరోజు నువ్వు నా ఒళ్లో తలపెట్టి ఏడ్చావు. నేను ఈయన్ని కూర్చోబెట్టి, దాని మిషను మోగకుండా మీరే ఏదో ఒకటి చెయ్యండి, ఆ పిల్ల చచ్చిపోయేలా ఉంది అన్నాను. మిషనంటే ఏమిటో నాకేం తెలుసే? తలుపు గంటలాంటిదేమో అనుకున్నాను."

అక్క ఏడవడం మొదలుపెట్టింది. నా చెయ్యి వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

నేను ఊరుకుంటే సరిపోయేది. ఆఫీసరు పొద్దున్నే ఒక కాగితం రాయించి పెట్టాడు, కార్మికులు నిబంధన మీరడం వల్ల జరిగిన ప్రమాదమని, నా సంతకం ఒక్కటే తక్కువ. అది చేసేస్తే నా మీద మచ్చ పడదు. నేను కాపాడినదాన్నే అవుతాను. కాని అక్క చెయ్యి అలా పట్టుకుంటే ఊరుకోలేకపోయాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. మీకూ ఇందాక చెప్పలేదు.

"అక్కా, నేను మొదటిరోజే కొలిచాను," అన్నాను. "మొదటి ట్యాంకులో మీటరుని తాడు కట్టి దింపి కొలిచాను. అడుగున సిగ్నలు ఉండుండి మైనస్ డెబ్భై ఎనిమిదిదాకా పడిపోతోంది. అది చాలు, మాట అందుతుంది. హద్దు ఎనభై ఐదు దగ్గర పెట్టాలి. డెబ్భై పెడితే ఊరికే అరుస్తుందని నాకు తెలుసు. అయినా డెబ్భయ్యే పెట్టాను."

"ఎందుకు?" అంది అక్క.

"రేపు ఏదైనా అయితే, సిగ్నలు తక్కువైనా ఊరుకుందని నన్ను అనకూడదని. ఎనభై ఐదు పెడితే నేను జవాబు చెప్పాలి. డెబ్భై పెడితే బయటికి పరిగెత్తాల్సింది వీళ్లు. ఏం జరిగినా కాగితం మీద నేను భద్రం. అరిచి అరిచి వీళ్ల ప్రాణం తీసింది, అయినా తగ్గించలేదు. ఏ రోజైనా తగ్గించొచ్చు, కంప్యూటర్లో ఒక్క అంకె మార్చాలి, అంతే."

అక్క నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. విసురుగా ఏం కాదు, మామూలుగానే తీసుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ ఇవ్వలేదు.

"అయితే," అన్నాడు బావ, "నన్ను చంపబోయింది... ఇంట్లోవాళ్లమే అన్నమాట. బయటివాడికి... వాటా లేదు." నవ్వబోయాడు. దగ్గొచ్చింది. నేను లేచి నీళ్లు అందించబోతే అక్క ముందే గ్లాసు తీసుకుంది.

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను," అన్నాను. "ఇదంతా వేరే రాసిస్తాను. కొలిచింది, తెలిసీ తగ్గించనిది, అంతా. హద్దు ఎనభై ఐదు పెట్టాను. ఇంకోటి కూడా పెట్టాను, రెండు నిమిషాలు గీత కదలకపోతే కూడా మోగుతుంది."

"ఉద్యోగం?" అన్నాడు బావ.

"పోతుంది."

ఆయన ఏదో అనబోయాడు. మాట్లాడొద్దని అక్క చెయ్యెత్తి ఆపింది. నీళ్లు తాగించి, దిండు సర్ది, దుప్పటి గుండెలదాకా లాగింది. నా వైపు చూడకుండానే, "వెళ్లు," అంది. "వెళ్లి రాసివ్వు ముందు. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడు రావాలో నేనే చెబుతాను."

సరే అన్నాను. ఇంకేం అంటాను? తలుపు దాకా వచ్చి వెనక్కి చూస్తే ఆమె బావ ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి వస్తోందో లేదో చూసుకుంటోంది.